యుద్ధం నాటి ఊరు, అందులో లేని వాడ

ఇంగ్లండు ఉత్తర భాగాన, యార్క్‌షైర్ కొండల మధ్య హావర్త్ అనే చిన్న ఊరు ఉంది. బ్రాంటీ అక్కచెల్లెళ్లు నవలలు రాసిన ఊరుగా సాహిత్య విద్యార్థులకు ఆ పేరు పరిచితమే. రాళ్లు పరిచిన నిట్ట నిలువు వీధి, ఆవిరి ఇంజను లాగే పాత రైలు, నల్లబడిన రాతి ఇళ్లు. ఏటా, సాధారణంగా మే నెలలో, ఒక శని ఆదివారం ఆ ఊరు మొత్తం 1940ల్లోకి వెళ్లిపోతుంది. కిటికీ అద్దాలకు అడ్డంగా కాగితపు పట్టీలు అతికిస్తారు. దుకాణాల ముందు ఇసుక బస్తాలు పేరుస్తారు. ఆడవాళ్లు చుక్కల గౌన్లు తొడిగి, ఎర్రటి లిప్‌స్టిక్ పెట్టుకుంటారు. మగవాళ్లు సైనిక దుస్తులు వేసుకుంటారు. పిల్లల మెడల్లో గ్యాస్ మాస్కు అట్టపెట్టెలు వేలాడుతుంటాయి. చుట్ట నోట్లో పెట్టుకుని వేళ్లతో విజయ చిహ్నం చూపే చర్చిల్ వేషధారి తప్పకుండా ఒకడు ఉంటాడు. మధ్యాహ్నం బృంద గానం, సాయంత్రం బిగ్ బ్యాండ్ సంగీతానికి జంట నృత్యాలు. వైమానిక దాడి సైరన్ మోగిస్తే జనం నవ్వుతూ చెవులు మూసుకుంటారు.

హావర్త్ ఒక్కటే కాదు. నార్ఫోక్ తీరంలోని షెరింగమ్‌లో, యార్క్‌షైర్‌లోనే పికరింగ్‌లో, ఇంకా అనేక చిన్న పట్టణాల్లో ఇలాంటి వారాంతాలు జరుగుతుంటాయి. నడిపేది ఎక్కువగా స్థానిక స్వచ్ఛంద కార్యకర్తలు, పాత రైళ్లను కాపాడుకునే సంఘాలు. వచ్చిన సొమ్ములో కొంత మాజీ సైనికుల సంక్షేమానికి పోతుంది. ముసలివాళ్లు తమ బాల్యాన్ని మనవలకు చూపించుకుంటారు. ఇందులో ద్వేషించదగినది ఏమీ లేదు. ఈ వ్యాసం రాస్తున్నది ఆ ఊరివాళ్లను తప్పుబట్టడానికీ కాదు. ఆ వేడుక ఒక మాట చెబుతుంది. అది మనం బాగా ఎరిగిన మాట కనుకే దాన్ని పరిశీలించాలి. ‘ఆ రోజుల్లో కష్టాలున్నాయి, కానీ అందరం ఒక్కటిగా ఉన్నాం’ అన్నదే ఆ మాట.

మన దగ్గర సంక్రాంతికి, పూర్వ విద్యార్థుల సమ్మేళనాల్లో, విదేశాల్లోని తెలుగువారి సభల్లో వినిపించేది కూడా అక్షరాలా ఇదే. కుల ప్రశ్నను చదువుతున్న విద్యార్థి ఈ వాక్యంలో ఆగవలసిన చోటు ఒక్కటే, ‘అందరం’ అనే పదం దగ్గర.

ముందు బ్రిటన్ సంగతే చూద్దాం. 1939 సెప్టెంబరు మొదటి మూడు రోజుల్లో పెద్ద నగరాల నుంచి సుమారు 15 లక్షల మందిని, అత్యధికంగా బడి పిల్లలను, పల్లెలకు తరలించారు. వేడుకల్లో ఈ ఘట్టాన్ని మెడలో పేరు చీటీ కట్టుకున్న ముద్దులొలికే పిల్లవాడి రూపంలో చూపిస్తారు. వాస్తవంలో లండన్, లివర్‌పూల్ మురికివాడల పిల్లలు వచ్చి దిగినప్పుడు పల్లెల్లోని ఇళ్లవాళ్లు చాలామంది ముక్కు మూసుకున్నారు. తలలో పేలున్నాయని, పక్క తడుపుతారని, తిండి తినడం తెలియదని పత్రికలకు ఉత్తరాలు రాశారు. హాల్లో వరుసగా నిలబెట్టి, శుభ్రంగా కనిపించినవాళ్లను ముందు ఏరుకుని వెళ్లారు. చివరిదాకా మిగిలిపోయిన పిల్లలు ముసలితనంలో కూడా ఆ సాయంత్రాన్ని మరిచిపోలేదు. ఈ ఫిర్యాదులు ఎంత పెద్దవయ్యాయంటే, పట్టణ పేదరికంపై ‘అవర్ టౌన్స్’ అనే నివేదిక 1943లో పుస్తకంగా వచ్చింది. పేలు పిల్లల తప్పు కాదని, నీళ్ల కుళాయి లేని ఇళ్ల తప్పని మధ్యతరగతి ఇంగ్లండు కాస్తయినా గ్రహించడానికి ఒక యుద్ధం కావలసి వచ్చింది.

రేషను సంగతి కూడా అంతే. 1940 జనవరి 8న వెన్న, పంచదార, ఉప్పు పట్టిన పంది మాంసంతో మొదలైన రేషను 1954 జూలై దాకా సాగింది. ఆ వ్యవస్థ వల్ల పేదల పోషణ మెరుగుపడిందన్నది నిజం. అది ఆ దేశం గర్వించదగ్గ విషయమే. అయితే హోటళ్లలో తినే భోజనానికి కూపన్లు అక్కర్లేదు. డబ్బున్నవాడు రేషను పుస్తకం ఇంట్లో పెట్టి హోటల్లో తినివచ్చేవాడు. ఆ కోపం పెరిగాకే 1942లో హోటల్ భోజనానికి ఐదు షిల్లింగుల గరిష్ఠ ధర పెట్టారు. 1940 సెప్టెంబరులో బాంబుల వర్షం కురుస్తుంటే, సరైన ఆశ్రయం లేని తూర్పు లండన్ పేదలు కమ్యూనిస్టు నాయకుడు ఫిల్ పిరాటిన్ వెంట వెళ్లి సంపన్నుల సవాయ్ హోటల్ నేలమాళిగలో బైఠాయించారు. వారాంతపు వేడుకల్లో ఇసుక బస్తాలు ఉంటాయి కానీ ఈ బైఠాయింపు దృశ్యం కనిపించదు. సమానత్వం దానంతటదే వచ్చిందని చెప్పే జ్ఞాపకం, దాన్ని డిమాండ్ చేసినవాళ్లను ముందుగా తుడిచేస్తుంది. 1942 నాటి బెవరిడ్జ్ నివేదిక, 1945 ఎన్నికల్లో యుద్ధవీరుడైన చర్చిల్‌నే ఓడించిన ఓటరు, 1948లో వచ్చిన జాతీయ ఆరోగ్య సేవ, ఇవన్నీ ఆ కాలపు అసలు వారసత్వం. చర్చిల్ వేషధారికి దొరికే చప్పట్లు ఆ ఓటరు పాత్రకు దొరకవు. అసలు ఆ పాత్రే ఉండదు.

ఇక రంగు సంగతి. వెస్టిండీస్ క్రికెటర్ లియరీ కాన్‌స్టంటైన్ యుద్ధకాలంలో బ్రిటిష్ కార్మిక శాఖలోనే సంక్షేమ అధికారిగా పనిచేస్తున్నాడు. 1943 జూలైలో లార్డ్స్‌లో మ్యాచ్ ఆడటానికి భార్యాబిడ్డలతో లండన్ వచ్చి, ముందే గది తీసుకున్న ఇంపీరియల్ హోటల్‌కు వెళ్తే, నల్లవాడన్న కారణంతో ఉండనివ్వలేదు. తెల్ల అమెరికన్ సైనికులకు ఇబ్బంది అని సాకు చెప్పారు. ఆయన కోర్టుకు వెళ్లి 1944లో గెలిచాడు. పరిహారం ఐదు గినీలు. అదే 1943 జూన్‌లో లాంకషైర్‌లోని బాంబర్ బ్రిడ్జ్ అనే ఊళ్లో నల్ల అమెరికన్ సైనికులకు, వారి సొంత సైన్యంలోని తెల్ల మిలిటరీ పోలీసులకు మధ్య కాల్పులు జరిగి ఒక నల్ల సైనికుడు మరణించాడు. స్థానిక మద్యశాలల్లో రంగు భేదం పాటించాలని అమెరికన్ అధికారులు అడిగితే, ఆ ఊరివాళ్లు ‘నల్ల సైనికులకు మాత్రమే’ అని బోర్డులు పెట్టారని చెబుతారు. నిజమైన ఐక్యత అంటూ ఆ దేశంలో ఎక్కడైనా ఉంటే ఆ బోర్డులోనే ఉంది. వేడుక చేసుకోదగ్గ జ్ఞాపకం అది.

సంగీతం దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడాలి. ఈ వారాంతాల ప్రాణం సంగీతంలోనే ఉంది. గ్లెన్ మిల్లర్ బృందం ప్రసిద్ధం చేసిన ‘ఇన్ ద మూడ్’ బాణీ మోగకుండా ఇలాంటి సాయంత్రం గడవదు. ఆ బాణీపై స్వరకర్తగా ఉన్న పేరు జో గార్లాండ్, గీతకర్తగా ఉన్న పేరు ఆండీ రజాఫ్. ఇద్దరూ నల్లజాతి అమెరికన్లు. మిల్లర్ బృందంలో ఉన్నవాళ్లంతా తెల్లవాళ్లు. ఆ బాణీకి జనం వేసే లిండీ హాప్ అడుగులు న్యూయార్క్ హార్లెమ్‌లో, సవాయ్ బాల్‌రూమ్ నేల మీద నల్ల యువత పుట్టించినవి. అమెరికా సైన్యంలో వర్ణ వేరుపాటును రద్దు చేస్తూ ట్రూమన్ ఆదేశం ఇచ్చింది 1948లో. అంటే యుద్ధం జరిగినంత కాలం నల్లవాళ్ల అడుగులు వేస్తూ, నల్లవాళ్ల బాణీ వింటూ, వారిని మాత్రం వేరే శిబిరంలో, వేరే నాట్యశాలలో ఉంచారు. లండన్ కెఫే డి పారిలో బృందాన్ని నడిపించిన కెన్ జాన్సన్ బ్రిటిష్ గయానా నుంచి వచ్చిన నల్ల యువకుడు. 1941 మార్చి 8న అక్కడ బాంబు పడినప్పుడు సంగీతం మధ్యలోనే ప్రాణం విడిచాడు. వయసు 26.

డప్పు సంగతి తెలిసిన తెలుగు పాఠకుడికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. ఊరి జాతరకూ, చావుకూ, చాటింపుకూ డప్పు కావాలి. కొట్టేవాడు మాత్రం గుడి బయటే ఉండాలి. డప్పు కొట్టడం ఒకప్పుడు మాదిగలకు కళ కాదు, వెట్టి. ఇవాళ అదే డప్పు ప్రభుత్వ వేదికల మీద ‘మన జానపద వారసత్వం’. ‘మన’ అనే ఆ మాటలోకి డప్పు ముందుగా చేరింది, దాన్ని మోసిన భుజం ఇంకా చేరలేదు. జాజ్‌కీ డప్పుకీ చరిత్రలు వేరు, వేదనలు వేరు. కానీ చప్పుడును స్వీకరించి మనిషిని బయట ఉంచే విద్య రెండు చోట్లా ఒక్కటే.

రేషను సామగ్రి పెట్టిన బల్ల దగ్గరకు మళ్లీ వద్దాం. ఈ వేడుకల్లో గుడ్ల పొడి, డబ్బాలో మాంసం, కొద్దిపాటి వెన్న పేర్చి ఒక మనిషికి వారానికి ఇంతే అని చూపిస్తారు. చూసినవాళ్లు అయ్యో అంటారు. అనవలసిందే. అదే ప్రభుత్వం, అదే యుద్ధం కోసం, అదే సంవత్సరాల్లో బెంగాల్‌ను ఎలా నడిపిందో చెప్పే బల్ల పక్కన ఉండదు. 1942లో జపాన్ సేనలు వస్తాయన్న భయంతో తీర బెంగాల్‌లో మిగులు బియ్యాన్ని తొలగించారు, పది మందికి మించి మోయగల పడవలను స్వాధీనం చేసుకున్నారు, కొన్నిటిని ధ్వంసం చేశారు. నీటి మీద బతికే ప్రాంతంలో పడవ పోతే చేప పోతుంది, పంట పోతుంది, సంత పోతుంది. 1943 కరువులో, దాని వెంట వచ్చిన రోగాల్లో సుమారు 30 లక్షల మంది చనిపోయారన్నది విస్తృతంగా అంగీకరించిన అంచనా.

ఎవరు చనిపోయారు? అమర్త్య సేన్ 1981 నాటి తన గ్రంథంలో వేసిన ప్రశ్న ఇదే. భూమిలేని వ్యవసాయ కూలీలు, జాలర్లు, రవాణా కూలీలు, వడ్లు దంచి బతికే ఆడవాళ్లు ముందు రాలిపోయారు. అదే సమయంలో కలకత్తాలో యుద్ధానికి అవసరమైన పరిశ్రమల కార్మికులకు, ప్రభుత్వోద్యోగులకు తక్కువ ధరకు బియ్యం అందింది. బెంగాల్ పల్లెల్లో కూలి, చేప, పడవ అంటే అవి కేవలం వృత్తుల పేర్లు కావు. నామశూద్రులు, మాలోలు, కైవర్తులు, పేద ముస్లింలు అని అర్థం. ఆర్థిక శాస్త్రం ‘కొనుగోలు హక్కు కోల్పోయిన వర్గాలు’ అని రాసుకున్న పట్టికను కులం కళ్లతో చదివితే అది వాడల జాబితా. రేషను అనే ఒకే మాట ఒక దేశంలో పేదవాడి పళ్లెం నింపింది, ఇంకో దేశంలో ఎవరి ఆకలి ‘అవసరమైనది’, ఎవరిది కాదు అని విడదీసింది. ఇంగ్లండు ఊళ్లో వెన్న ముక్క చూసి కదిలిన మనసు నేరం చేయలేదు. ఆ బల్ల సగమే పరిచారు, అంతే.

ఇప్పుడు సైనిక దుస్తుల దగ్గరకు. యుద్ధం మొదలైనప్పుడు సుమారు రెండు లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలకు చేరింది. 87 వేల మంది మరణించారు. బర్మాలో జపాన్‌ను ఓడించిన పద్నాలుగో సైన్యంలో అత్యధికులు భారతీయులే. ఈ వేడుకల్లో ఇప్పటికీ ఎంతో ఆప్యాయంగా తలుచుకునే గాయని వీరా లిన్ 1944లో బర్మా వెళ్లి పాడింది ఆ సైన్యం శిబిరాల్లోనే. ఆమె పాటలు వేడుకకు వచ్చాయి. ఆమె ముందు నిలబడిన సైన్యంలో అధిక భాగం మాత్రం రాలేదు.

మన వ్యాసానికి మరింత ముఖ్యమైనది, ఆ 25 లక్షల లోపల ఉన్న చరిత్ర. 1880ల్లో మద్రాసు సైన్యానికీ, తరువాత మొత్తం భారత సైన్యానికీ సేనానిగా ఉన్న లార్డ్ రాబర్ట్స్, యుద్ధం చేయగల జాతులు కొన్నే అనే ‘వీర జాతుల’ సిద్ధాంతాన్ని విధానంగా మార్చాడు. దాంతో దక్షిణాది పటాలాలు క్రమంగా రద్దయ్యాయి. ఈస్టిండియా కంపెనీ కాలం నుంచీ సైన్యంలో ఉన్న మహర్లకు 19వ శతాబ్దపు చివర తలుపులు మూశారు. గోపాల్ బాబా వాలంగ్‌కర్ 1894లో పెట్టుకున్న మహజరు చెత్తబుట్టకు పోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలనప్పుడు 1917లో 111వ మహర్ దళాన్ని పెట్టారు, యుద్ధం ముగియగానే తీసేశారు. రెండో యుద్ధంలో మళ్లీ మనుషులు చాలలేదు. సుబేదారు కొడుకైన అంబేడ్కర్ 1941లో రక్షణ సలహా సంఘంలో ఉండి పట్టుబట్టగా, ఆ ఏడాది అక్టోబరులో బెల్గాంలో మహర్ రెజిమెంటు పుట్టింది. దాని తొలి టోపీ చిహ్నం మీద భీమా కోరేగావ్ స్తంభం ఉండేది. 1943లో చమార్ రెజిమెంటును పెట్టారు. అది కోహిమాలో పోరాడి యుద్ధ గౌరవం పొందింది. 1946 చివర దాన్ని రద్దు చేశారు. ప్రాణం అవసరమైనంతకాలం వీరులు, అవసరం తీరాక మళ్లీ అంటరానివాళ్లు.

అంబేడ్కర్ 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా చేరినప్పుడు, ఆ యుద్ధాన్ని సమర్థించినప్పుడు ఆయనను బ్రిటిష్ పక్షపాతి అన్నవాళ్లున్నారు, ఇప్పటికీ ఉన్నారు. క్విట్ ఇండియా పోరాటకారుల జైలు జీవితాన్ని తక్కువ చేయనక్కర్లేదు. వాళ్లు చెల్లించినది నిజమైన మూల్యం. అయితే హిట్లర్ గెలిస్తే జాతి శ్రేష్ఠతా వాదం ప్రపంచ ధర్మం అవుతుందని, పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టే వ్యవస్థలో పుట్టిన మనిషికి అది పరాయి ప్రమాదం కాదని ఆయనకు స్పష్టంగా తెలుసు. పైగా వాడలోని యువకుడికి ఆ సైన్యం తెచ్చినవి చిన్నవి కావు. కాలికి బూటు, నెలకు జీతం, చదువు, అందరితో సమానంగా ధరించే దుస్తులు. భారత సైనికుడి జీతం తెల్ల సైనికుడి జీతంలో చిన్న భాగమే. కానీ ఊరి దొర ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన మనిషికి బూటు చప్పుడు ఏమిటో, జీతాల పట్టిక చెప్పలేదు.

ఈ సైనికుడు ఇవాళ ఎవరి జ్ఞాపకంలోనూ లేడు. బ్రిటిష్ వేడుకలో లేడు, నల్లవాడు కనుక. జాతీయవాద చరిత్రలో లేడు, తెల్లవాడి జీతం తిన్నాడు కనుక. ఆజాద్ హింద్ ఫౌజ్‌కు విగ్రహాలున్నాయి, ఉండవలసినవే. కోహిమా కొండ మీద చచ్చిపోయిన చమార్ సిపాయికి పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం లేదు.

హావర్త్‌కు అయిదు కిలోమీటర్ల దూరంలో కీత్లీ అనే పట్టణం ఉంది. హావర్త్ వెళ్లే ఆవిరి రైలు బయలుదేరేది అక్కడినుంచే. అక్కడి ఉన్ని మిల్లుల్లో 1950, 60ల్లో రాత్రి షిఫ్టులు చేయడానికి వచ్చిన కుటుంబాలు ఎక్కువగా పాకిస్తాన్ అధీనంలోని మీర్పూర్ ప్రాంతానివి. మంగళా ఆనకట్ట కింద ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు వారిలో చాలామంది. మీర్పూర్, పూంఛ్ ప్రాంతాలు రెండు ప్రపంచ యుద్ధాలకూ పెద్ద ఎత్తున సైనికులను, బ్రిటిష్ ఓడల బాయిలర్లలో బొగ్గు వేసే పనివాళ్లను అందించాయి. యుద్ధకాలపు బ్రిటిష్ వర్తక నౌకల్లో దాదాపు నాలుగో వంతు సిబ్బంది భారత లస్కర్లే. డంకర్క్ తీరంలో కంచర గాడిదల దళాలు నడిపిన భారత సైనికులు ఆ తరువాత కొన్నేళ్లు బ్రిటన్ పల్లెల్లోనే విడిది చేశారు. అంటే 1940ల బ్రిటిష్ ఊరిని ఉన్నదున్నట్టు చూపించాలంటే తలపాగాలు, నమాజు చాపలు కూడా ఉండాలి. తాతల పతకాలు ఇళ్లలో ఉన్న కుటుంబాలు రైలెక్కితే కొద్ది నిమిషాల దూరంలోనే ఉన్నాయి.

దుస్తుల విషయంలోనే మరొక సంగతి. కొన్ని చోట్ల కొందరు జర్మన్ ఎస్‌ఎస్ దుస్తులు కూడా వేసుకుని వచ్చారు. ‘చరిత్ర చరిత్రే కదా, ఒక పక్షాన్నే ఎలా చూపిస్తాం’ అని వారి వాదన. లెవిషామ్ రైల్వే స్టేషన్‌ను జర్మన్లు ఆక్రమించిన ఫ్రెంచి ఊరిగా అలంకరించిన సందర్భం వివాదమై, యూదుల అభ్యంతరాల తరువాత ఆ అలంకరణ మానుకున్నారు. కుటుంబాన్ని పోగొట్టుకున్నవాడికి అది వేషం కాదు. మరొకరి బాధ మనకు వేషంగా మారేంత దూరం జరిగిపోయినప్పుడే కాలక్షేపపు జ్ఞాపకం పుడుతుంది. మన పల్లె సెట్టింగులను కూడా ఈ కంటితో చూడాలి. రిసార్టుల్లో, విదేశీ తెలుగు సభల్లో కట్టే పల్లెలో ఎడ్లబండి ఉంటుంది, రచ్చబండ ఉంటుంది, గంగిరెద్దు ఉంటుంది, అరుగు మీద పెద్దాయన ఉంటాడు. ఊరికి తూర్పునో దక్షిణాననో ఉండే వాడ మాత్రం ఉండదు. రెండు గ్లాసుల టీ కొట్టు ఉండదు. ఉంటే అది వేడుక కాదు, సాక్ష్యం అవుతుంది.

తెలుగువారికి ఆ యుద్ధం దూరదేశపు కథ కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ తేదీని విశాఖలో అప్పుడప్పుడూ తలుచుకుంటారు. కానీ అంతకు ముందే, అంతకంటే పెద్ద తెలుగు యుద్ధ కథ ఒకటి రంగూన్‌లో నడిచింది. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి తరతరాలుగా ‘రంగం’ వెళ్లిన కూలీలు ఆ నగరపు రేవును, రిక్షాలను, ధాన్యపు మిల్లులను నడిపారు. వీధులు ఊడ్చి, మలం ఎత్తే పని కూడా చాలా మేరకు వారి మీదే ఉండేది. బర్మీయులు వారిని కోరంగి రేవు పేరుతో ‘కోరంగీలు’ అని పిలిచారు. ఆ పిలుపులో గౌరవం లేదు. ఊళ్లో భూమి లేనివాళ్లు, వెట్టి తప్పించుకోవాలనుకున్నవాళ్లు, దళితులు, వెనుకబడిన కులాలవాళ్లు వారిలో ఎందరో.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడగానే వేలమంది కాలినడకన ఉత్తరానికి బయలుదేరారు. కూలీలు పోతే రేవు ఆగిపోతుందని, నగరం మురిగిపోతుందని ప్రభుత్వం వారిలో చాలామందిని ప్రోమ్ దగ్గరినుంచి నచ్చజెప్పి వెనక్కి తెచ్చింది. నగరానికి వాళ్లు ఎంత అవసరమో ఆ వారం ప్రభుత్వం బహిరంగంగా ఒప్పుకున్నట్టయింది. కొన్ని వారాలకు నగరమే పడిపోయింది. నాలుగైదు లక్షల మంది భారతీయులు ఓడల మీద, అడవుల్లో, కొండల్లో నడిచి ఇండియా చేరారు. కలరా, మలేరియా, ఆకలి దారి పొడవునా కాచుకున్నాయి. చనిపోయినవారి సంఖ్యకు తక్కువ అంచనాయే పదివేలు. దానికి కొన్ని రెట్లు ఉంటుందనే చరిత్రకారులూ ఉన్నారు. యూరోపియన్లకు ఒక దారి, భారతీయులకు ఒక దారి కేటాయించారన్న ఆరోపణ ఆనాడే పెద్ద వివాదం అయింది. ‘తెల్ల దారి’, ‘నల్ల దారి’ అన్న మాటలు అప్పుడు పుట్టినవే.

ఊరికి రెండు దారులు ఉండటం మన వాళ్లకు కొత్త కాదు. రంగం వెళ్లేముందు నడిచినవీ అవే. తిరిగి వచ్చాక ఆ కుటుంబాలు మళ్లీ ఏ వాడలో దిగాయి, వాళ్లు పంపిన డబ్బుతో కొన్న సెంటు భూమి వాళ్లకు దక్కిందా, రంగంలో చెప్పులేసుకుని నడిచినవాడు ఊరి వీధిలో వాటిని విప్పాడా, ఇవి చిన్న ప్రశ్నలు కావు. మన సామాజిక చరిత్రలో తెరుచుకోని అధ్యాయం ఇది. ‘రంగమెళ్లిపోయాడు’ అన్న మాట ఉత్తరాంధ్ర నోటి భాషలో మిగిలింది. కానీ ఎవరు వెళ్లారు, ఎవరు రాలేదు అన్న లెక్క మాత్రం మిగల్లేదు.

దళితుడికి ‘మంచి పాత రోజులు’ ఉండవని అంటారు. అది సగం నిజం. మురిపెంగా తలుచుకునే గతం లేకపోవచ్చు గానీ, తలుచుకోవలసిన గతం లేకపోలేదు. 1927 జనవరి 1న అంబేడ్కర్ కోరేగావ్ స్తంభం దగ్గరకు వెళ్లింది మురిపెంతో కాదు. ఏటా అక్కడికి వెళ్లే లక్షల మంది పేష్వాల కాలపు దుస్తులు వేసుకుని నాట్యం చేయరు. రాతి మీద చెక్కిన పేర్లు చదువుతారు. ఆ స్తంభాన్ని నిలిపింది ఈస్టిండియా కంపెనీ, తన గొప్ప కోసం. దాన్ని తమ పౌరసత్వ పత్రంగా చదువుకున్నది మాత్రం అక్కడ పేరున్నవాళ్ల వారసులు. ఆ చదువు కొందరికి ఎంత ఇబ్బందిగా ఉందో 2018 జనవరిలో దేశమంతా చూసింది.

మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖల్లో ఏటా ఎన్నో సిద్ధాంత వ్యాసాలు తయారవుతాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి వాడల్లో రంగం నుంచి నడిచి వచ్చిన కుటుంబాలను ఇల్లిల్లూ తిరిగి అడిగే పని వాటిలో కొన్నిటికైనా అంశం కావాలి. ట్రంకు పెట్టెల అడుగున ఓడ టికెట్టు ముక్క, సిపాయి జీతపు పుస్తకం, ఒక పతకం ఉండవచ్చు. ఏమీ లేని ఇళ్లలో మాటైనా ఉంటుంది. 1942లో తల్లి చెయ్యి పట్టుకుని ఆ అడవి దాటిన పదేళ్ల పిల్లకు ఇప్పుడు తొంభై దాటాయి.